అవ్వ వాల్వు

సున్నపుబట్టీ వీధిలో వాల్వులన్నీ సగం సగం తెరిచి ఉండడం చూసి గీతాంజలికి చిరాకేసింది. ఒకటి సగం, ఇంకొకటి సగానికి కాస్త తక్కువ, మరొకటి పావు. ఎవరో తిప్పుతూ తిప్పుతూ మధ్యలో బీడీ కోసం లేచిపోయినట్టుంది.

నంద్యాలలో వార్డు ఎమినిటీస్ సెక్రటరీగా చేరి ఆమెకు ఆరు నెలలైంది. వీధి దీపాలు, మురుగు కాలువలు, మంచినీళ్ళు ఆమె చూసుకోవాలి. లాక్‌డౌన్ మొదలై ఇరవై రోజులు. వీధి ఎగువ కొసలో రెండు కేసులు తేలడంతో అక్కడ అడ్డంగా వెదురుబొంగులు కట్టేశారు. లోపల అరవై ఇళ్ళు. ఎవరూ బయటికి రాకూడదు. పాలు, కూరగాయలు వాలంటీర్లు బొంగుల మీదుగా అందిస్తున్నారు. చేతులు కడుక్కోండి, కడుక్కోండి అని ఆటోలో మైకు తిరుగుతూనే ఉంది. కడుక్కోవడానికి కొళాయిలో వచ్చేది మాత్రం సన్నటి ధార.

ఆమె సివిల్ ఇంజనీరింగ్ చదివింది. ధార సన్నగా ఉందంటే వాల్వు సరిగా తెరవలేదని అర్థం. ఇందులో ఆలోచించడానికేముంది?

ట్యాంకు పక్కనున్న షెడ్డులోంచి తాళం తెచ్చుకుంది. వీధిలో అందరూ తాళం అనేది నడుమెత్తు ఇనుప కడ్డీని. పైన పట్టుకోవడానికి అడ్డపిడి, కింద వాల్వు తలకు అతుక్కునే గుంట. ఒక్కో గుంత మీది మూత జరిపి, కడ్డీ దించి, ఎడమకు తిప్పి, తిరిగినంతా తిప్పింది. నాలుగు అయ్యాయి. ఐదోది బొంగుల లోపల, ఒక ముసలామె ఇంటి ముందుంది. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళింది. అది మొండికేసింది. ఒళ్ళంతా పిడి మీద వేసి తోస్తే కీచుమని అరిచి కదిలింది, చివరకు బిగిసి ఆగింది. అంటే పూర్తిగా తెరుచుకుంది.

నడుం నిలబెట్టి చెమట తుడుచుకుంది. ఇరవై రోజులుగా ఆమె చేసినవన్నీ లిస్టులు రాయడం, ఫోటోలు పంపడం, పైనుంచి వచ్చిన మాటను కిందికి చెప్పడం. తన చేతుల్తో మొదలుపెట్టి పూర్తిగా ముగించిన పని ఇదొక్కటే. ఆ తృప్తిలో ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బొంగుల లోపల ఒక్క ఇంటికీ చుక్క నీరు రాలేదు.

బొంగుల దగ్గరకు వెళ్ళేసరికి అటు పక్క ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. మనుషులు గుమ్మాల్లోనే నిలబడి ఉన్నారు. ఐదో వాల్వు ఎదురింటి ముసలామె, షంషున్నీసా, అరుగు మీద కూర్చుని కొళాయికి చెయ్యి ఆనించి చూస్తోంది.

"ఏం పాపా, మొన్న తాళం తిప్పింది నువ్వేనా?"

"నిన్ననవ్వా. నేనే."

"బాగా తిప్పినావులే. నీళ్ళు రాకపోయినా గాలి బలే వస్తాంది. పిల్లోళ్ళకు బుడగలు ఊదిచ్చుకుంటాం."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "నవ్వు యాడిది నీకు, ఇంట్లో బాలింత ఉంటే" అన్నారు. ఆ నవ్వు ఆగిపోయింది.

గీతాంజలికి చెవులు వేడెక్కాయి. తప్పు తనదని అప్పటికింకా ఒప్పుకోలేదు. తప్పు ఎవరిదో వెతకడం సులువు కాబట్టి ముందు ఆ పని చేసింది. ఫోనులో కాంట్రాక్టరు ఇచ్చిన లిస్టు తీసింది. వాల్వు మనిషి: స్టీఫెన్. ఆ మనిషిని తను చూసింది కూడా. తలకు తువ్వాలు చుట్టుకుని, నెరిసిన గడ్డంతో, తెల్లవారుజామున ట్యాంకు దగ్గర కనబడేవాడు. చేరిన కొత్తలో "స్టీఫెన్ గారూ" అని పిలిస్తే "చెప్పండి మేడం" అని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లాక్‌డౌన్ నుంచి మనిషి లేడు.

ఫోన్ చేసింది. అవతలి గొంతు వయసులో ఉన్న గొంతు.

"మేడం, నాకు తెల్దు మేడం. నూరన్ననడగాల."

"నూరన్నెవరు?"

"తిప్పేది ఆయప్పే మేడం" అన్నాడు స్టీఫెన్.

"మరి లిస్టులో నీ పేరుంది కదా?"

"ఉంది మేడం."

"ఎన్నేళ్ళ నుంచి ఇట్లా?"

"ఏడేండ్లు."

కోపం వచ్చింది. ఆ కోపం ఆమెకు సాయంగా కూడా ఉంది. ఒకడి పేరు మీద ఇంకొకడు ఏడేళ్ళుగా చాకిరీ చేస్తున్నాడు. ఇంట్లో కూర్చున్నవాడికి పేరు, గుంతల్లో దిగినవాడికి బురద. పై అధికారికి పంపాలని ఫోనులో ఒక రిపోర్టు రాసుకుంది. రాస్తున్నంతసేపూ తను న్యాయం వైపు ఉన్నట్టనిపించింది. బిందెలు మాత్రం అక్కడే ఖాళీగా ఉన్నాయి.

నూర్ మహమ్మద్ ఆళ్లగడ్డలో ఉన్నాడు, కూతురు తస్నీమ్ ఇంట్లో. ఆమెకు నెలలు నిండుతుంటే చూసి మూడు రోజుల్లో వద్దామని వెళ్ళాడు. మర్నాటి నుంచే బస్సులు ఆగిపోయాయి.

"ఎన్ని చుట్లు తిప్పినావు మేడం?" అన్నాడు, సంగతంతా విన్నాక.

"లెక్కపెట్టలేదు."

"సరేలే. ఏడ్వాకు."

"నేను ఏడవడం లేదు."

"నిన్ను కాదు మేడం, ఈడ మా పెద్ద మనవణ్ణి." పిల్లవాణ్ణి ఎవరికో అందించిన అలికిడి. "నేను పోతా పోతా ఐదింటినీ అమర్చి పోయినా. ఎవురూ ముట్టకపోయినా అందరికీ ఇంతింత వచ్చేట్టు. కింద వీధి పల్లం. దాన్ని పూరాగా ఇడిస్తే నీళ్ళన్నీ అదే తాగేస్తాది, పైకెక్కనీదు."

సగం తెరిచి ఉండడం బద్ధకం అనుకుంది ఆమె. అది లెక్క. ఒక మనిషి ఇల్లొదిలి వెళ్తూ, తాను లేని రోజులకు కూడా వీధి మొత్తానికి నీళ్ళు పంచి వెళ్ళాడు. మూడు రోజులకని అమర్చింది ఇరవై రోజులు నిలబడింది. తను ముట్టుకున్న పూటే చెడింది.

"ఇప్పుడేం చెయ్యాలన్నా?"

"తాళం దించి, పిడికి ఫోను ఆనించు. మాట్లాడాకు."

మొదటి వాల్వు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఎండ నెత్తిన ఉంది. పిడికి ఫోను ఆనించి పట్టుకుంది.

"కుడికి తిప్పు. ఇంగా. ఇంగా. ఆ... ఇప్పుడు నీ చెవి పెట్టు. ఏం ఇనపడతాంది?"

ఇనుము వేడికి చెవి కాలింది. "హోరు."

"హోరు అంటే ఎక్కువైనట్టు. కొంచెం మూయి. ఇప్పుడు?"

"ఇసుక జారినట్టుంది."

"ఇంగ పావు చుట్టు. ఇప్పుడు?"

ఆమె ఊపిరి బిగబట్టింది. "ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది."

"ఆఁ. అంతే. దాన్నింగ ముట్టాకు."

సాయంత్రానికి నాలుగూ అలా కుదిరాయి. నలభై కిలోమీటర్ల అవతల ఒక మనిషి కళ్ళు మూసుకుని వింటున్నాడని ఆమెకు ఎందుకో తెలుస్తూనే ఉంది. కానీ ఐదోదాని దగ్గర ఆయన తిప్పమనకుండా ముందు ఒక మాట అడిగాడు.

"అవ్వ వాల్వును యా పక్కకు తిప్పినావు?"

"ఎడమకు. తెరవడానికి."

"అది ఎదురు తిప్పుడు మేడం. పాతకాలంది. ఎడమకు తిప్పితే మూసుకుంటాది."

తాను ఒళ్ళంతా వేసి తోసింది మూయడానికన్నమాట. అరవై ఇళ్ళ గొంతు తన చేతుల్తోనే బిగించి, చెమట తుడుచుకుని, హాయిగా నిద్రపోయింది. కుడికి తిప్పబోయింది. తాళం జారి టక్కుమంది.

"ఆపు!" ఫోనులోంచి కేక. "ఆ సప్పుడు బాగలేదు. ఇంగ బలం పెడితే దాని మెడ ఇరుగుతాది. అప్పుడు రోడ్డు తవ్వాల. ఈ దినాల్లో తవ్వేటోళ్ళు యాడ దొరుకుతారు? వద్దు. నేనే రావాల."

షంషున్నీసా అరుగు మీంచి అంతా వింటోంది. "నూర్మమ్మదేనా ఫోన్ల? రమ్మను. పెండ్లికూతురి మాదిరి పిలిపిచ్చుకుంటాండాడా?"

అత్యవసర సేవల పాసుకు గీతాంజలి ఆ సాయంత్రమే అర్జీ పెట్టింది. వాల్వు మనిషి, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు. పాసు గంటలో వచ్చింది. లిస్టులో ఉన్న పేరుతోనే వచ్చింది. స్టీఫెన్. దాన్నే నూర్ మహమ్మద్ అల్లుడి ఫోనుకు పంపించింది.

కాసేపటికి ఆయన ఫోన్ చేశాడు. "మేడం, ఆ పేరుతో నీళ్ళొదిలినా గానీ, ఆ పేరుతో రోడ్డు దాటలేను. ఆడ ఆధారు సూపియ్యమంటారు."

ఏం చేయాలో ఆమెకు తెలుసు. తెలియనట్టు కాసేపు నటించింది. ఈ మనిషి ఫలానా, మా దగ్గర పని చేస్తాడు అని వార్డు సచివాలయం కాగితం మీద రాసి సంతకం చేయాలి. రాస్తే ఏడేళ్ళుగా పేరొకరిది, పని ఒకరిదన్న మాట తన చేతి రాతతో బయటపడుతుంది. కాంట్రాక్టరు ఊరుకోడు. తన ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పైకి పంపే రిపోర్టులో అన్యాయం గురించి రాయడానికి లేని భయం, అదే మనిషి పేరు మీద సంతకం పెట్టడానికి వచ్చింది. ఆ తేడా తనకే తెలిసి సిగ్గనిపించింది.

"రేపు చూద్దామన్నా" అంది.

"రేపా? సరే మేడం."

ఆయన ఆ సరే ఎందుకన్నాడో మర్నాడు పొద్దున తెలిసింది. ట్యాంకరు బొంగుల దాకా వచ్చింది. సందు ఇరుకు, లోపలికి పోదు. ఇంటికి రెండు బిందెల చొప్పున వాలంటీర్లు మోస్తున్నారు. బాలింత ఉన్న ఇంటికి మూడోది ఇమ్మంటే పక్కింటివాళ్ళు గొడవకు దిగారు. ఆ గొడవ మధ్యలో ఫోన్ మోగింది.

"మేడం, శిరివెళ్ల కాడ చెక్‌పోస్టు నుంచి. హోంగార్డు గురుస్వామిని. ఒక సాయిబు సైకిలేసుకోని కేసీ కాలవ గట్టెంబడి వస్తాంటే నిలబెట్టినాం. మీ నంబరిచ్చినాడు."

"వయసు మళ్ళినాయనా?"

"ఆఁ. బలే మనిషి మేడం. ఫోన్ల పాసు సూపిచ్చి, ఇది నాది కాదప్పా, పని మాత్రం నాదే అంటాడు. పాసులో స్టీఫెను, ఆధారులో నూర్ మహమ్మదు. దొంగ పాసు సూపిచ్చేటోళ్ళను చూసినా గానీ, సూపిచ్చి మళ్ళా నాది కాదనేటోన్ని యాడా చూడలే."

వెనక నుంచి ఇంకెవరో అంటున్నారు, "ఢిల్లీ జమాతుకు పోయొచ్చినాడేమో అడుగన్నా."

నూర్ మహమ్మద్ గొంతు దూరంగా, అలసటతో, విసుగు లేకుండా వినిపించింది. "ఢిల్లీ కాదు నాయనా, ఆళ్లగడ్డ. బిడ్డ కాన్పుకు. ఫజర్ నమాజు కాంగానే బయలుదేరినా. నీళ్ళియ్యాల, ఆడ అరవై ఇండ్లు ఎండుతాండాయి."

"చెప్పు మేడం," అన్నాడు గురుస్వామి. "ఈయన మీ మనిషేనా? ఎస్సైకి నేను ఒక మాట చెప్పాల. రెండు చెప్తే తంతాడు."

ఎదురుగా మూడో బిందె కోసం గొడవ. బొంగుల అవతల షంషున్నీసా తననే చూస్తోంది. గీతాంజలికి ఇనుప పిడికి చెవి కాలిన చోటు ఇంకా చురుక్కుమంటోంది. ముసలి మనిషి కాలువ గట్టు పట్టుకుని సైకిలు తొక్కుతూ వచ్చేశాడు, తన సంతకం కోసం ఎదురుచూడకుండా. వస్తుందో రాదో తెలియని కాగితాన్ని నమ్ముకుంటే నీళ్ళు ఆలస్యమవుతాయని ఆయనకు తెలుసు.

"ఆయన పేరు నూర్ మహమ్మద్," అంది. "మా వార్డుకు నీళ్ళొదిలేది ఆయనే. ఏడేళ్ళుగా."

"లెటరు పంపు మేడం. పేరు సరింగా రాయి."

సచివాలయానికి పరుగున పోయి రాసింది. 'నూర్ మహమ్మద్ అను ఇతను ఈ వార్డులో ఏడు సంవత్సరాలుగా నీటి వాల్వులు నడుపుచున్నాడు. ఇతను లేనందున అరవై ఇళ్ళకు నీరు లేదు.' రెండు వాక్యాలే. రెండో వాక్యం ఏ నమూనాలోనూ లేదు. సంతకం పెట్టి, సీలు గట్టిగా నొక్కి, ఫోటో తీసి పంపింది.

పదకొండు దాటాక ఆయన వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. సైకిలు ట్యాంకు గోడకు ఆనించి, ఆమెకు దూరంగానే ఆగి, తువ్వాలు మూతికి బిగించి కట్టుకున్నాడు.

"కాసేపు కూర్చోన్నా. మజ్జిగ తెప్పిస్తా."

"తర్వాత. తాళం ఆడ పెట్టి నువ్వు ఎనక్కు జరుగు మేడం. బయటి మండలం నుంచి వచ్చినోన్ని."

అవ్వ వాల్వు దగ్గర గుంతలోకి ఒంగి చాలాసేపు ఊరికే చూశాడు. చిటికెన వేలితో వాల్వు మెడ చుట్టూ తడిమాడు. జబ్బుపడ్డ పశువు మెడ నిమిరినట్టుంది ఆ తడమడం.

"అవ్వా, కిరసనాయిలుందా?"

"దీపాల కాలం నాటిది ఒక సీసా ఉంది. నీకోసమే దాసి పెట్టినా," అంది షంషున్నీసా. సీసా గడప మీద పెట్టి తాను లోపలికి జరిగింది. ఆయన కాస్త వాల్వు మెడ మీద పోసి, చిన్న సుత్తితో చుట్టూ మెత్తగా తట్టాడు. తట్టి ఆగాడు. మళ్ళీ తట్టాడు. అరగంట అదే. గీతాంజలికి ఓపిక నశిస్తోంది. తర్వాత తాళం దించి, ఆమె కళ్ళ ముందే ఎడమకు తిప్పాడు.

"అన్నా! అది మూసే పక్క కదా?"

"బిగిసినదాన్ని ఇప్పాలంటే ముందు ఇంగ రవ్వంత బిగియ్యాల మేడం. అప్పుడది మనల్ని నమ్ముతాది."

పిసరంత ఎడమకు. తర్వాత కుడికి, ఊపిరి వదిలినంత నెమ్మదిగా. కీచుమనలేదు. కదిలింది. పావు చుట్టు. ఆగి, పిడికి చెవి ఆనించాడు. ఇంకో పావు. ఊరంతా మూయి లేదా తెరువు అనే రెండు మాటల మీద నడుస్తున్న ఈ రోజుల్లో, ఈ మనిషికి తెలిసిందంతా ఆ రెంటి నడుమనున్న పావులే అనిపించింది ఆమెకు.

అవ్వ కొళాయి ఒకసారి దగ్గింది. ఆగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, తెల్లబడి, నిలకడగా ధార కట్టింది.

ఇంటింటా బిందెల చప్పుడు మొదలైంది. నూర్ మహమ్మద్ ఆ చప్పుడు వైపు చూడలేదు. గుంత మూత సరిగా కూర్చుందో లేదో కాలితో నొక్కి చూసుకుంటున్నాడు.

ట్యాంకు దగ్గరి షెడ్డు నీడలో, ఇద్దరి మధ్య పది అడుగుల దూరంలో, ఆయన మజ్జిగ తాగుతుండగా ఫోన్ వచ్చింది. విని, "అల్హందులిల్లా" అన్నాడు. కాసేపటికి, "మనవరాలంట మేడం," అన్నాడు. "నేను శిరివెళ్ల దాటుతాంటే పుట్టిందంట."

గీతాంజలి గ్లాసు కింద పెట్టేసింది. "నొప్పులు మొదలైనాకనే బయలుదేరినావా అన్నా?"

"తెల్లారుజామునే మొదలైనాయి. ఆడ వాళ్ళత్త ఉంది, మంత్రసాని ఉంది, నీళ్ళున్నాయి." ఆగాడు. "నన్నింగ పద్నాలుగు దినాలు యాడికీ పోనీరు కదా. ఈ షెడ్డులోనే ఉంటా. కిటికీ ఉంది, చాలు."

ఆమె నిన్నటి నుంచీ మనసులో మోస్తున్నది బయటపెట్టింది. "నీ పేరు లిస్టులో ఎక్కిస్తానన్నా. స్టీఫెన్ మీద రిపోర్టు రాసి పెట్టినా. పేరాయనది, చాకిరీ నీదా? ఇది అన్యాయం."

ఆయన ఆమె వైపు నేరుగా చూడడం అదే మొదటిసారి.

"పంపినావా?"

"ఇంకా లేదు."

"పంపాకు మేడం." గ్లాసులో మిగిలింది తాగాడు. "ఏడేండ్ల కింద ఆ కింది గుంతలో స్టీఫెను లోపల ఉండె. నేను కూలికొచ్చినోన్ని. పైన బండ పట్టుకున్నది నేను. నా చేతుల్లోంచి జారింది. ఆ పిల్లోని కాలు నుజ్జయింది. నా పేరు ఎవురికీ చెప్పలే వాడు. బండ జారిందన్నాడు, అంతే. కాలు లేనోన్ని పన్లోంచి తీసేస్తారని నేను పోయి తాళం పట్టినా. నెలకొచ్చేది రెండిండ్లు తింటాండాం. పేరు వానిది, చెయ్యి నాది. ఇందులో అన్యాయం యాడుందో నాకైతే కనపడలే."

ఇద్దరు మనుషులు ఏడేళ్ళుగా ఒకరి తప్పును ఒకరు, ఒకరి లోటును ఇంకొకరు కప్పుకుంటూ, ఎవరికీ చెప్పకుండా, వీధికి నీళ్ళిచ్చారు. ఆమె దాన్ని దొంగతనం అనుకుంది, వాల్వుల సగాన్ని బద్ధకం అనుకున్నట్టే.

"మరి నేను పంపిన లెటరు? నీకు చేటు చేస్తుందేమో."

చొక్కా జేబులోంచి మడిచిన చీటీ తీశాడు. ఆమె లెటరును చూసి గురుస్వామి రాసి, చెక్‌పోస్టు సీలు వేసిచ్చిన నకలు. "ఎవురైనా అడిగితే చూసుకుందాం. నా పేరు సర్కారు సీలుతో రావడం ఇదే మొదలు. మనవరాలికి సూపిస్తా." మళ్ళీ మడిచి, జేబులో పెట్టి, పైన చేత్తో ఒత్తుకున్నాడు.

ఆమె ఫోన్ తీసి రిపోర్టు చెరిపేసింది. ఆయన చూడనట్టే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నీళ్ళొదలడానికి తాళం ఆమే పట్టుకుంది. ఆయన షెడ్డు కిటికీ దగ్గర ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఒక్కో వాల్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, తిప్పింది. హోరు, ఇసుక, తర్వాత నిద్రపోయేవాళ్ళ ఊపిరి. నాలుగయ్యాక బొంగుల లోపలికి వెళ్ళింది. కుడికి, నెమ్మదిగా. ఎక్కడో అరచేతుల్లో సన్నటి అదురు తగిలింది. చేయి ఆగిపోయింది.

"ఆ... ఆపు," అన్నాడు ఫోనులో. అని, "ముందే ఆపినావా?" అన్నాడు.

"ఊఁ."

అవతల చిన్నగా నవ్విన ఊపిరి వినిపించింది.

ఇంటి లోపల కొళాయి మూడుసార్లు దగ్గి ధార కట్టింది. షంషున్నీసా తలుపు చాటు నుంచి కోడలికి కేకేసి చెబుతోంది. "బిందె పెట్టవే! ఈ పొద్దు తిప్పింది మా నూర్మమ్మదే. నాకు తెలుస్తాది. ఇంగెవురు తిప్పినా ఇట్ల రాదు."

గీతాంజలి నోరు తెరవబోయింది. తర్వాత గుంత మూత జరిపి, సరిగా కూర్చుందో లేదో కాలితో నొక్కి చూసి, తాళం భుజాన వేసుకుని బయటికి నడిచింది.